బాలమణి చిన్నమ్మ ఏడుపు

1985. బొంబాయిలోని కామాటిపుర, పదకొండో గల్లీలో మూడంతస్తుల పాత చాల్. అంతస్తుకు పద్నాలుగు ఖోలీలు, అంటే గదులు. వాటి ముందు పొడుగాటి వరండా, వరండా చివర అందరికీ కలిపి ఒకే నీళ్ళ నల్లా. మా అంతస్తులో ఉన్నవాళ్ళమంతా పాలమూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళమే. మగవాళ్ళు బిల్డింగుల పనికి పోయేవారు, ఆడవాళ్ళలోనూ చాలామంది ఇటుకలు మోసేవారు. నాకు పదేళ్ళు. నా వృత్తి సినిమాల్లో ఏడవడం.

పదేళ్ళ పిల్లకు వృత్తేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి. ఎనిమిదో ఏట నుంచి పదమూడో ఏట దాకా హిందీ సినిమాల్లో చైల్డ్ ఆర్టిస్టుగా పనిచేశాను. మా నాన్న స్టూడియోల్లో సెట్టింగుల దగ్గర ప్లాస్టరు కలిపే కూలీ. ఒకరోజు ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన నన్ను ఎవరో పిల్లల గుంపులో నిలబెట్టారు. అలా మొదలైంది. అండాలు అన్న నా పేరు తెరకు పనికిరాదని 'బేబీ రింకూ' అని పెట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్లలైతే పేరు ముందు బేబీ, మగపిల్లలైతే మాస్టర్ అని తగిలించేవారు. నాకు పని చూపించేవాడు సలీం భాయి. ఆయన్ని కో-ఆర్డినేటర్ అనేవారు. ఏ సినిమాకు ఎలాంటి పిల్లలు కావాలో కనుక్కొని తీసుకెళ్ళి అప్పగించడం ఆయన పని.

"ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే దాదర్ అని చెప్పు. కామాటిపుర అనకు" అని ఆయన మొదటిరోజే నేర్పాడు. ఎందుకని నేను అడగలేదు. మా పక్క గల్లీల్లో ఒళ్ళమ్ముకునే ఇళ్ళున్న సంగతి మాకు తెలియనిది కాదు. అడిగిన ప్రతివాళ్ళకూ దాదర్ అనే చెప్పాను. సిగ్గంటే అదేననుకునేదాన్ని అప్పట్లో. మా ఇల్లు ఎక్కడుందో బయటపడితే తల కొట్టేసినట్టు ఉంటుందని భయపడేదాన్ని. నిజంగా సిగ్గుపడాల్సిన పని తర్వాత చేశాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని ఆ ముచ్చటే ఇది.

సినిమాల్లో చిన్నపిల్లలు అంత బాగా ఎలా ఏడుస్తారని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతారు. గ్లిజరిన్ చుక్క కంటి కింద వేస్తే మండి నీళ్ళు కారతాయి. అది నీళ్ళు మాత్రమే, ఏడుపు కాదు. క్లోజప్‌లో, అంటే కెమెరా మొహానికి దగ్గరగా వచ్చినప్పుడు, ఆ తేడా దొరికిపోతుంది. రెప్ప వేయకుండా లైటు వంక చూస్తూ మనసులో ఏడు దాకా లెక్కపెట్టి కన్నీళ్ళు తెప్పించుకోవడం నేను సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నాకు పని ఆగకుండా దొరికేది.

సలీం భాయి ఇంకో ఉపాయం చెప్పాడు. "ఎవరైనా ఏడుస్తుంటే ఆగి చూడు. మొహం అందరూ చూస్తారు. నువ్వు చేతులు చూడు" అన్నాడు. చెడ్డ సలహా కాదు, నటులందరూ చేసేదే. నేను దాన్ని చాల్‌లో కూడా పాటించాను. ఎవరింట్లో గొడవ జరిగినా, ఎవరు ఏడ్చినా గుమ్మం దగ్గర తయారయ్యేదాన్ని. పెద్దవాళ్ళు "పోరికి అన్నీ కావాలె" అని నవ్వేవారు.

మా పక్క ఖోలీ బాలమణి చిన్నమ్మది. సొంత పిన్ని కాదు గానీ, అమ్మ ఆమెను చెల్లెలికంటే ఎక్కువగా చూసేది. ఆమె భర్త కిష్టయ్య చిన్నాయిన పరంజా మీద నిలబడి గోడలకు ప్లాస్టరు చేసే మేస్త్రీ. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మ పొద్దున్నే పనికి పోయేది కాబట్టి షూటింగు ఉన్న రోజు నాకు తల దువ్వి జడ వేసేది బాలమణి చిన్నమ్మే. దువ్వెన పట్టుకొని పోయి ఆమె మోకాళ్ళ మధ్య కూర్చునేదాన్ని. "మెడ తిప్పకు. హీరోయినువు అయినంక తిప్పుదువు గాని" అనేది.

ఆమెకు ఇంకో పనిలో పేరుంది మా చాల్‌లో. ఎవరైనా పోయినప్పుడు శోకం ఎత్తుకునేది ఆమె. మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, పోయినవాళ్ళతో మాట్లాడుతూ ఏడుస్తారు. వాళ్ళు చేసిన మేలు, తిన్న తిండి, చెప్పకుండా పోయిన తప్పు, అన్నీ రాగం తీసి అడుగుతారు. మొదట ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, అప్పుడే మిగతావాళ్ళ గొంతు పెగులుతుంది. బాలమణి ఎత్తుకుంటే పోయినవాళ్ళ మీద కోపమున్నవాళ్ళు కూడా ఏడ్చేవారు. తమ ఇంట్లో చావు జరిగితే ఆమె రావాలని అందరూ కోరుకునేవారు.

1984లో వర్లిలో కడుతున్న ఒక బిల్డింగు మీద నుంచి కిష్టయ్య చిన్నాయిన పడిపోయాడు. మధ్యాహ్నం పూట ఇంటికి తెచ్చారు. పని బట్టలతోనే తెచ్చారు. చాపమీద పడుకోబెట్టారు. వరండా అంతా జనం. ఆడవాళ్ళు బాలమణి చిన్నమ్మను పట్టుకొని ఏడుస్తున్నారు గానీ ఆమె గొంతు లేవలేదు. చాలాసేపు ఆయన కాళ్ళ దగ్గర అలాగే కూర్చుంది. తర్వాత కొప్పులో నుంచి పిన్ను తీసి, ఆయన కాలి వేళ్ళ సందుల్లో ఎండిపోయిన సిమెంటు గీకడం మొదలుపెట్టింది. ఒక్కో వేలు విడదీసి, గీకి, కొంగుతో తుడిచింది. అరికాలు కూడా గీకింది. గీకుతూ అప్పుడు ఎత్తుకుంది.

"గీ సిమెంటు కాళ్ళతోని యాడికి పోతవయ్యా. ఊరికి పోయేటోనివి కాళ్ళన్న కడుక్కోవా. గీ కాళ్ళు జూస్తె మీ అవ్వ గుర్తువడ్తదా నిన్ను."

ప్రతి మాట చివరా గొంతు పైకి పోయి, ఊపిరి లోపలికి పీల్చినట్టు తెగిపోయేది. తెగిన చోట తల ఒక పక్కకు వంచి ఆయన కాలి వంక చూసేది, జవాబు వస్తుందేమో అన్నట్టు. అందరూ ఏడుస్తున్నారు. నేను గుమ్మం పక్కన, చెప్పుల మధ్య కూర్చొని చూస్తున్నాను. పిన్ను ఏ చేత్తో పట్టుకుందో, వేళ్ళు ఎలా విడదీసిందో, ఊపిరి ఎక్కడ తెగిందో అన్నీ చూశాను. నా కళ్ళలో ఒక్క చుక్క రాలేదు. చిన్నాయిన నన్ను భుజం మీద ఎక్కించుకొని తిప్పిన మనిషి. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, రాయకపోతే మిగతాది రాయడం దండగ.

కొన్ని నెలల తర్వాత సలీం భాయి ఒక పెద్ద సినిమాకు తీసుకెళ్ళాడు. హాస్య సినిమా. అందులో నేనూ ఒక హాస్యనటుడూ తండ్రీకూతుళ్ళలా నటించి జనాన్ని మోసం చేసే జంట. ఒక సీన్లో ఆయన బజారులో చచ్చినట్టు పడుకోవాలి, నేను మీదపడి ఏడవాలి, జనం జాలిపడాలి. ఆఖరికి ఆయన తుమ్మి దొరికిపోవాలి.

రిహార్సల్లో నా మామూలు ఏడుపు ఏడ్చాను. ఏడు లెక్కపెట్టాను, నీళ్ళు వచ్చాయి. డైరెక్టరు సాబ్ పెదవి విరిచాడు. "ఇది అన్ని సినిమాల్లోనూ ఉంది, బేటా. కొత్తది ఏమైనా చెయ్యి" అన్నాడు. ఇంకోసారి చేశాను. అదీ నచ్చలేదు. లైట్లు వేడెక్కిపోతున్నాయి, యాభైమంది నా వంక చూస్తున్నారు. సెట్టు చివర కుర్చీలో ఇంకో కో-ఆర్డినేటర్ తెచ్చిన పిల్ల జడలు వేసుకొని సిద్ధంగా ఉంది. సలీం భాయి ఆ పిల్ల వంక చూడటం నేను చూశాను. ఆ క్షణంలో ఆ పాత్ర పోతే నేను చచ్చిపోతాననిపించింది.

"సాబ్, ఆయన కాళ్ళకు సున్నం పూయిస్తారా" అని అడిగాను.

పూశారు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. జడలో నుంచి పిన్ను తీశాను. ఒక్కో వేలు విడదీసి గీకాను. సున్నం కాళ్ళతో ఎక్కడికి పోతావు బాపూ, ఊరికి పోయేవాడివి కాళ్ళు కడుక్కోవా, నానమ్మ నిన్ను గుర్తుపడుతుందా అని హిందీలో ఎత్తుకున్నాను. ఊపిరి తెగాల్సిన చోట తెంచాను. తల వంచాల్సిన చోట వంచాను. జుట్టు సర్దే ఆమె కళ్ళు తుడుచుకుంది. అంతలో పిన్ను అరికాలికి తగిలి ఆ నటుడికి కితకితలు పుట్టాయి. కాలు లాక్కొని కిచకిచమని నవ్వాడు. ఏడుపు మధ్యలో వచ్చిన నవ్వు కదా, యాభైమందీ పగలబడి నవ్వారు.

డైరెక్టరు తుమ్ము తీసేయమన్నాడు. కితకితలే ఉంచమన్నాడు. నా చెంపలు రెండూ పట్టుకొని "ఎక్కడ నేర్చుకున్నావే ఇది" అన్నాడు.

"ఎక్కడా కాదు సాబ్. నేనే అనుకున్నాను" అన్నాను.

డబ్బింగులో ఆ సీను మొదటిసారి చూశాను. డబ్బింగంటే బొమ్మ చూస్తూ మన మాటలు మనమే మళ్ళీ రికార్డు చేయడం. తెర మీద నా చేతులు చూశాను. అవి నా చేతుల్లా లేవు. కానీ పదేళ్ళ బుద్ధి ఎంతలో సర్దుకుంటుంది! చిన్నమ్మ ఏడ్చింది తెలుగులో, నాది హిందీ. ఆమెది సిమెంటు, నాది సున్నం. పైగా ఆమె సినిమాలు చూడదు. ఇలా ఒక్కొక్కటే పెట్టుకొని, సీను నాదేనని తేల్చుకున్నాను. మా పనిలో ఉన్నవాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే ఇది. కెమెరా ముందు చేశాక అది మనదే అనుకుంటాం.

సినిమా ఆడింది. ఆ ఏడు గణపతి పండుగకు మా చాల్ మండలివాళ్ళు టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేస్తామన్నారు. మన పిల్ల సినిమా, మన చాల్‌లోనే చూడాలన్నారు. వరండాకు అటూ ఇటూ దుప్పట్లు కట్టి చీకటి చేశారు. మా అమ్మ కొత్త చీర కట్టుకుంది. బాలమణి చిన్నమ్మ రానంది. భర్త పోయిన దగ్గర నుంచి ఆమె నలుగురిలో కూర్చొని నవ్వే చోటికి పోవడం మానేసింది.

"పోయి చిన్నమ్మను పిల్చుకరా. నువ్వు పిలిస్తె వస్తది" అంది అమ్మ.

పోకుండా ఉండొచ్చు. పోయి, రానందని చెప్పొచ్చు. నేను పోయాను. ఆమె చెయ్యి పట్టుకొని లాగాను. నన్ను చూడకుండా ఎవరూ మిగలకూడదన్న ఆశ తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. ఆమె నవ్వి, తల సర్దుకొని వచ్చి మా అమ్మ పక్కన చాపమీద కూర్చుంది.

ఆ సీను దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగలేకపోయింది. "ఇప్పుడు జూడు బాలమణీ. ఇది మా అండాలు సొంతంగ అనుకొని జేసిందట. డైరెక్టరే నోరు తెరిసిండట" అంది.

తెర మీద నేను పిన్ను తీశాను. వరండాలో ఒకరిద్దరు పెద్దవాళ్ళు సర్దుకొని కూర్చున్నారు. వాళ్ళకు ఏదో గుర్తొచ్చిందేమో. కానీ అంతలోనే కాలు లాక్కోవడం, నవ్వు. చాల్ మొత్తం ఘొల్లుమంది. గోడకు ఆనుకున్న ముసలాయన కూడా నవ్వి దగ్గాడు. పిల్లలు "రివైండ్, రివైండ్" అని గోల పెట్టారు. వీసీఆర్ నడిపేవాడు నా వంక తిరిగి, "ఏం రింకూ మేడం, తిప్పాల్నా" అని అడిగాడు. ఆ రోజుకు రాణిని నేనే కదా.

నేను తల ఊపాను.

బొమ్మ వెనక్కి పరుగెత్తింది. పిన్ను జడలోకి పోయింది, మళ్ళీ బయటికి వచ్చింది. మళ్ళీ నవ్వు. రెండోసారి కూడా అడిగాడు. రెండోసారి కూడా తల ఊపాను. అలా మొత్తం మూడుసార్లు చూశాం. మూడోసారి నేను బాలమణి చిన్నమ్మ వంక చూశాను. ఆమె టీవీ చూడటం లేదు. ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల వంక చూసుకుంటోంది. సీను అయ్యాక మెల్లగా లేచి, "నీళ్ళొచ్చే టైమైంది" అని అమ్మతో చెప్పి, బిందె తీసుకొని నల్లా వైపు పోయింది. నీళ్ళు వచ్చే వేళ కాదని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు నాకు షూటింగు ఉంది. పొద్దున్నే దువ్వెన పట్టుకొని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. ఆమె పీట వాల్చుకొని కూర్చుంది. నేను మోకాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎప్పటిలాగే చిక్కు తీసింది, పాపిట తీసింది. ఒక జడ పూర్తయ్యాక అడిగింది.

"బిడ్డా, ఆ దినం నువ్వు యాడ గూసున్నవ్?"

ఏ దినమని నేను అడగలేదు. "తలుపు కాడ. చెప్పుల కాడ."

"నేను జూడలే నిన్ను."

రెండో జడ మొదలుపెట్టింది. సగం అల్లి మళ్ళీ మాట్లాడింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"మీ చిన్నాయినకు అరికాలు ముట్టుకుంటె కితకితలు అయితుండె. పండుకున్నప్పుడు ముట్టుకుంటె ఎగిరి గూసుంటుండె. ఆ దినం గూడ నాకు గదే అనిపిచ్చింది. గీకుతుంటె గుంజుకుంటడేమో అని ఆశ. కొద్దిసేపు అట్లనే జూసిన." రిబ్బను ముడి వేసింది. "నీ సినిమాల గుంజుకుండు."

తప్పయింది చిన్నమ్మా అనాలి. రెండే మాటలు. పేజీల కొద్దీ డైలాగులు ఒక్కసారి విని అప్పజెప్పేదాన్ని, ఆ రెండు మాటలు నోట్లోంచి రాలేదు. ఆమె నా భుజం తట్టి, "పో, లేటైతది" అంది. నేను పోయాను. ఆ రోజు సీన్లో నన్ను ఏడవమన్నారు, ఏడు లెక్కపెట్టి ఏడ్చాను. అది కూడా చెప్పాలి కదా.

ఆ తర్వాత కూడా ఆమె నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది. శోకం ఎత్తుకోవడం మాత్రం మానేసింది. మా అంతస్తులో రెండు చావులు జరిగాయి. ఆమె పోయి నీళ్ళు తోడింది, ఇల్లు కడిగింది, పిల్లలను చూసుకుంది, గొంతు ఎత్తలేదు. మొగుడు పోయినంక బాలమణి రాయి అయిందని ఆడవాళ్ళు అనుకున్నారు. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. ఎవరు చూస్తున్నారోనని ఆమెకు భయం పట్టుకుంది. చాల్ నుంచి నేను దొంగిలించింది అదీ. ఎవరింట్లో కష్టం వచ్చినా అందరి గొంతూ తెరిపించే ఒక్క గొంతును మూయించాను. నా పేరు తెర మీద మెరిసినందుకు చాల్ అంతా నాకు దండ వేసింది.

1988లో మా అమ్మ కామెర్లతో పోయింది. అప్పటికి నేను పొడుగెదిగాను, గొంతు మారింది, సినిమాలు తగ్గిపోయాయి. మధ్యాహ్నం వేళ. అమ్మను అదే వరండాలో పడుకోబెట్టారు. ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు గానీ ఎవరి నోటా మాట రావడం లేదు. "బాలమణీ, నువ్వన్న ఎత్తుకోవే. నీకు అక్క కాదా" అంది ఒక పెద్దామె. చిన్నమ్మ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని ఉంది. పెదవులు అదురుతున్నాయి. తల ఎత్తి ఒక్కసారి నా వంక చూసింది.

నా కళ్ళు ఆమె చేతుల మీద ఉన్నాయి. ఎప్పుడు పోయి అక్కడ వాలాయో నాకే తెలియదు. అమ్మ పోయిన రోజున, అమ్మ పక్కన కూర్చొని, నేను చూస్తున్నాను.

లేచాను. గోడ వైపు తిరిగి, నుదురు గోడకు ఆనించి కూర్చున్నాను. రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాను. వెనక ఎక్కడో అడుగు నుంచి, ఏళ్ళుగా వాడని గొంతు బొంగురుగా లేచింది. "నన్ను అడగకుంట యాడికి లేచినవే అక్కా" అంది. వెంటనే వరండా మొత్తం గొల్లుమంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడు లెక్కపెట్టలేదు.

చిన్నమ్మ అలా ఏడుస్తూ మా అమ్మకు ఏం చేసిందో, ఆమె చేతులు ఎక్కడున్నాయో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను తిరిగి చూడలేదు. ఐదేళ్ళ నా వృత్తిలో నేర్చుకోవాల్సింది ఆ ఒక్కటే. దాన్ని గోడ దగ్గర నేర్చుకున్నాను.